టెక్ సందేహాలు: కరెంటు పోయినా ఆగని అయస్కాంతం

ఈ కాలమ్‌కి వచ్చే ఉత్తరాల్లో సగం ఫోన్ స్టోరేజీ నిండిపోయిందనే. పోయిన నెల నా మోకాలికి తీయించుకున్న ఎంఆర్ఐ (పెద్ద అయస్కాంతంతో ఒంటి లోపలి బొమ్మ తీసే స్కాన్) గురించి మాటవరసకి రెండు ముక్కలు రాశాను. అంతే, డెల్టా మొత్తం ఎంఆర్ఐ గురించే అడగడం మొదలుపెట్టింది. కాబట్టి ఈ వారం ప్రింటర్లూ రూటర్లూ పక్కన పెడదాం. నేను డాక్టర్ని కాను. మీకు స్కాన్ అవసరమా కాదా అన్నది మీ డాక్టరుగారే చెప్పాలి. ఆ మెషీన్ ఎలా పనిచేస్తుందో, మన ఒంటి మీదా జేబులోనూ ఉన్నవాటితో దానికి పేచీ ఏమిటో మాత్రం చెప్పగలను.

భీమవరం దగ్గర్నుంచి ఒక ఉత్తరం: మాకు ఇక్కడ రొయ్యల చెరువులున్నాయి. నాన్నగారిని నడుం స్కాన్‌కి తీసుకెళ్తే మధ్యలో కరెంటు పోయింది. అప్పుడే ఏరేటర్ల (చెరువు నీటిలోకి గాలి పంపే యంత్రాల) దగ్గరున్న కుర్రాడు ఫోన్ చేశాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే, నాన్నగారికి ధైర్యం చెబుదామని లోపలికి వెళ్లబోయాను. అక్కడి టెక్నీషియన్ నన్ను దాదాపు వెనక్కి తోసేశాడు. కరెంటే లేనప్పుడు ఆ మెషీన్ ఏం చేస్తుందండీ?

ఈసారి అటు వెళ్లినప్పుడు ఆ అబ్బాయికి అరకేజీ తాపేశ్వరం కాజాలు పట్టుకెళ్లండి. లైట్లు ఆరినా, స్కాన్ ఆగినా అయస్కాంతం మాత్రం ఆగదు.

దాని లోపల నియోబియం, టైటానియం కలిపిన తీగ చుట్లు ఉంటాయి. వాటిని ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. ఆ చలికి తీగలో విద్యుత్ నిరోధం పూర్తిగా పోతుంది. ఒకసారి ఎక్కించిన కరెంటు బయటి సరఫరా లేకుండానే ఏళ్ల తరబడి అందులో తిరుగుతూ ఉంటుంది. కాబట్టి అర్ధరాత్రయినా, ఆదివారమైనా, సంక్రాంతికి సెంటర్‌కి తాళం వేసినా అయస్కాంతం పనిలోనే ఉంటుంది. అయస్కాంత బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు. మామూలుగా వాడే 1.5 టెస్లా మెషీన్ బలం భూమి అయస్కాంత క్షేత్రానికి ముప్పై వేల రెట్ల పైమాటే.

ఇందులో మోసం ఏమిటంటే, గుమ్మం దగ్గర మీకేమీ తెలియదు. జేబులో తాళాలు కాస్త బరువెక్కినట్టు అనిపిస్తే అనిపించొచ్చు. ఇంకో రెండడుగులు వేసేసరికి లాగుడు ఒక్కసారిగా పెరుగుతుంది. 2001లో న్యూయార్క్ రాష్ట్రంలో స్కాన్‌లో ఉన్న ఆరేళ్ల పిల్లవాడి మీదకి ఆక్సిజన్ సిలిండర్ దూసుకెళ్లి ప్రాణం తీసింది. 2018 జనవరిలో ముంబయిలో రోగికి తోడుగా వచ్చిన ఒక యువకుడు సిలిండర్ పట్టుకుని ఆ గదిలోకి వెళ్లి చనిపోయాడు. 2025 జులైలో మళ్లీ న్యూయార్క్ ప్రాంతంలోనే, మెడలో సుమారు 9 కిలోల వ్యాయామపు గొలుసుతో లోపలికి వెళ్లిన ఒకాయన ప్రాణం పోయింది. చివరి ఇద్దరూ స్కాన్ చేయించుకోవడానికి వచ్చినవాళ్లు కాదు, మీలాగే తోడు వచ్చినవాళ్లు. నేను ఇంత సాగదీసి చెప్పడం అందుకే. రోగికి ఫారం ఇచ్చి పదిసార్లు అడుగుతారు. పక్కనున్నవాళ్లని అడగడం ఒక్కోసారి మర్చిపోతారు.

మరి స్విచ్ నొక్కి ఆపేయలేరా అంటే, ప్రాణం మీదకొస్తే ఆపేస్తారు. దాన్ని క్వెంచ్ అంటారు. హీలియం మరిగి ఆవిరైపోతుంది. ఒక లీటరు ద్రవం సుమారు 700 లీటర్ల వాయువు అవుతుంది కాబట్టి కప్పు మీదకి ప్రత్యేకంగా పెట్టిన గొట్టంలోంచి బయటికి పోవాలి. మళ్లీ హీలియం నింపి మెషీన్‌ని దారిలో పెట్టడానికి లక్షలు ఖర్చు. ఫోన్ అతుక్కుపోయిందని ఎవరూ ఆ బటన్ నొక్కరు.

ఫోన్‌కి ఏమవుతుందీ అంటారా? స్పీకర్లోనూ కెమెరాలోనూ చిన్న అయస్కాంతాలూ, అక్కడక్కడా ఇనుప భాగాలూ ఉంటాయి. ఫోన్ చేతిలోంచి లాక్కుపోవచ్చు, కెమెరా, దిక్సూచి పాడవచ్చు. పర్సులో ఏటీఎం కార్డు ఉంటే దాని నల్లగీత చెరిగిపోతుంది, చిప్ బతుకుతుంది. ఫోన్లకి సంబంధించి ఇంకో విచిత్రం కూడా జరిగింది. 2018లో అమెరికాలోని ఇల్లినాయిస్‌లో ఒక ఆసుపత్రిలో కొత్త ఎంఆర్ఐ బిగిస్తుండగా హీలియం లీకైంది. మెషీన్‌కి దూరంగా ఉన్న ఐఫోన్లు, యాపిల్ వాచీలు పదుల సంఖ్యలో మూగబోయాయి, ఆండ్రాయిడ్ ఫోన్లకి ఏమీ కాలేదు. వాటిలో గడియారంగా పనిచేసే బుల్లి సిలికాన్ చిప్‌లోకి హీలియం అణువులు దూరాయని తర్వాత తేలింది. చాలావరకు కొద్దిరోజులకి వాటంతటవే కోలుకున్నాయి.

కరెంటు అసలు అక్కర్లేదా అంటే, హీలియాన్ని చల్లగా ఉంచే కంప్రెసర్‌కి కావాలి. మీ చెరువుకి ఏరేటర్ ఎలాగో దీనికి అది అలాగ. కాకపోతే చెరువుకి గడువు గంటల్లో ఉంటుంది, దీనికి ఇంకాస్త ఎక్కువ. తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేకపోతే పాత మెషీన్లలో హీలియం కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. వాటిలో వెయ్యిన్నర లీటర్లకి పైగా పడుతుంది మరి. ఫిలిప్స్ 2018లో తెచ్చిన మోడల్‌కి 7 లీటర్లు చాలు, అదీ సీలు వేసేసి ఉంటుంది. సీమెన్స్ తెచ్చిన 0.55 టెస్లా మెషీన్‌కి లీటరు కూడా అక్కర్లేదు. వీటికి కప్పు మీదకి గొట్టం పని కూడా లేదు. బెంగళూరుకి చెందిన వాక్సెల్‌గ్రిడ్స్ తయారుచేసిన స్వదేశీ మెషీన్‌ని 2023లో ఆవిష్కరించారు. చిన్న పట్టణాలకి పనికొచ్చే మార్పు అంటే నా లెక్కలో ఇలాంటి కొత్త మెషీన్లే, కింద చెప్పబోయే ఏఐ కన్నా ముందు.

మాది పాలకొల్లు. అత్తయ్యగారికి స్కాన్ రాశారు. మంగళసూత్రం, మట్టెలు తియ్యనంటున్నారు. బంగారాన్ని అయస్కాంతం లాగదు కదా అని వాదిస్తున్నారు. ఏం చెప్పమంటారు?

అత్తయ్యగారి సైన్సు కరెక్టే. బంగారాన్నీ వెండినీ అయస్కాంతం లాగదు. గొడవ రేడియో తరంగాలతో. స్కాన్ జరుగుతున్నంతసేపూ మెషీన్ ఒంట్లోకి రేడియో తరంగాలు పంపుతుంది. రింగులా రెండు కొసలూ కలిసిపోయిన లోహం కనిపిస్తే అందులో కరెంటు పుట్టి వేడెక్కుతుంది, చర్మం కాలొచ్చు. పైగా మెడ స్కాన్ అయితే గొలుసు ఉన్నచోట బొమ్మ చెడుతుంది. చేతులు ఒకదానికొకటి తగలకుండా, తొడల మధ్య మెత్తలు పెట్టి పడుకోబెట్టేది కూడా ఒంటితోనే అలాంటి చుట్టు ఏర్పడకూడదనే.

అసలు ముప్పు సూత్రానికి తగిలించుకునే పిన్నీసులతో. అవి ఉక్కువి. మా పెద్దమ్మ అన్నీ తీసి నా చేతికిచ్చి, ఫారం మీద సంతకం పెట్టి, లోపలికి అడుగు పెట్టబోతూ "ఒరేయ్, జాకెట్టు లోపల రెండు పిన్నీసులున్నాయిరా" అంది. ఆ సెంటర్‌లో ఎవరూ తడిమి చూడలేదు, డిటెక్టరూ పెట్టలేదు. అందుకే సెంటర్ వాళ్లిచ్చే గౌనే వేసుకోవాలి. ఉప్పాడ చీర ఎంత మెత్తగా ఉన్నా జరీలో లోహం ఉంటుంది, అది ఇంట్లోనే ఉండనివ్వండి. మగవాళ్లు మర్చిపోయేవి మొలతాడుకున్న వెండి బిళ్ల, తాయెత్తు. గాజులు రాకపోతే సబ్బు రాసి చూడండి. అప్పటికీ రాకపోతే దాచకుండా టెక్నీషియన్‌కి చెప్పండి.

ఇక సెంటిమెంటు సంగతి. పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి మెళ్లో వేయించండి. మన పెద్దవాళ్లు ఏనాడో ఆలోచించిన ఏర్పాటు, అందులో లోహం లేదు.

రావులపాలెంలో నాకు గ్రిల్స్ వెల్డింగ్ షాపు ఉంది. తలనొప్పికి ఎంఆర్ఐ రాశారు. ఫారంలో "కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా" అని ఉంది. ఎప్పుడో పడింది, డాక్టరు తీసేశారు. లేదు అని టిక్ పెట్టొచ్చా?

వద్దండీ. ఈ వారం వచ్చిన ఉత్తరాలన్నింటిలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది మీదే. గ్రైండింగ్ చేసేటప్పుడు ఎగిరే రజను ఇనుమే. కంటి లోపల కనపడనంత ముక్క మిగిలిపోయి ఉంటే ఏళ్ల తరబడి నొప్పి లేకుండా ఉండిపోవచ్చు. ఆ అయస్కాంతం దగ్గర అది కదులుతుంది. ఇలా స్కాన్‌లో ముక్క కదిలి కంటి లోపల రక్తస్రావమైన కేసు 1986లోనే వైద్య పత్రికల్లో నమోదైంది. అవును అని టిక్ పెట్టండి. ముందు కళ్లకి ఒక ఎక్స్‌రే తీస్తారు, ఏమీ లేకపోతే స్కాన్‌కి పంపుతారు. చిన్న ఖర్చు, కాసేపు ఆలస్యం. లేత్ పనివాళ్లకీ ఇదే మాట.

అంబాజీపేటలో కొబ్బరి దింపు తీసే మా బాబాయి చాలాకాలం కిందట చెట్టు మీంచి పడితే తొడలో రాడ్ వేశారు. ఇప్పుడు మోకాలికి ఎంఆర్ఐ చెప్పారు. ఒక సెంటర్‌లో 1.5 టెస్లా, ఇంకో చోట 3 టెస్లా. డబ్బు ఎక్కువైనా 3కే వెళ్లమంటారా?

ఫోన్ కెమెరా మెగాపిక్సెళ్లలాగే దీన్నీ కొలుస్తున్నారు. నెంబరు పెద్దదైతే ప్రతిసారీ మంచి బొమ్మ వస్తుందనేం లేదు. బలం పెరిగితే ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ నుంచి వచ్చే సిగ్నల్ పెరుగుతుంది, నిజమే. మెదడులో సన్నని వివరాలకి, చిన్న కీళ్లకి 3 టెస్లా బాగా పనికొస్తుంది. అయితే లోహం చుట్టూ బొమ్మ వంకర పోవడం కూడా దాంతోపాటే పెరుగుతుంది. రాడ్ పక్కనే చూడాల్సి ఉంటే చాలాసార్లు 1.5 మేలు. అది ఏ లోహమో, ఎప్పుడు వేశారో ఉన్న డిశ్చార్జి కాగితం పట్టుకెళ్లి రేడియాలజిస్టునే అడగండి. ఇప్పుడు వేసే టైటానియం రాడ్లతో సాధారణంగా స్కాన్‌కి ఇబ్బంది ఉండదు. గుండెలో వేసే స్టెంట్లూ అంతే.

పేస్‌మేకర్ (గుండె సరిగ్గా కొట్టుకునేలా ఒంట్లో పెట్టే పరికరం) కథ వేరు. ఒకప్పుడు పేస్‌మేకర్ ఉంటే ఎంఆర్ఐ ఊసే లేదు. ఎంఆర్ఐలో షరతులతో వాడేలా తయారైన మొదటి పేస్‌మేకర్‌కి అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. షరతులంటే ఎన్ని టెస్లాలు, ఏ సెట్టింగులో పెట్టాలి, పక్కన ఎవరుండాలి అన్నవన్నీ. ఇది పాతదో కొత్తదో మాటలతో తేలదు, అది పెట్టినప్పుడు ఇచ్చిన కార్డు మీదున్న మోడల్ నెంబరుతో తేలుతుంది. ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది ఉంటే ఆ కార్డు రెండువైపులా ఫొటో తీసి మీ ఫోన్లో పెట్టుకోండి. బీరువాలో కార్డు ఎక్కడుందో ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి వెతికించడం ఎంత టెన్షనో నాకు తెలుసు.

రేడియోలంటే ఇష్టం ఉన్నవాళ్లకి ఒక ముచ్చట: 1.5 టెస్లా మెషీన్ సుమారు 64 మెగాహెర్ట్జ్ దగ్గర, 3 టెస్లా మెషీన్ సుమారు 128 దగ్గర పనిచేస్తాయి. మన ఎఫ్ఎం 88 నుంచి 108. అంటే ఎఫ్ఎంకి అటూ ఇటూ కూర్చున్నాయి. బయటి స్టేషన్ల గోల లోపలికి రాకుండా గది గోడలకి రాగిరేకు తాపడం చేస్తారు.

కాకినాడలో ఒక సెంటర్ ముందు "ఏఐ స్కాన్, సగం టైములో" అని బోర్డు చూశాను. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని, నమ్మబుద్ధి కావడం లేదు.

నమ్మొచ్చు, కొంచెం కళ్లు తెరుచుకుని. ఎంఆర్ఐ ఫొటోలా ఒక్క క్లిక్కుతో రాదు. సమాచారం వరసలు వరసలుగా పోగవుతుంది, దాన్నుంచి లెక్కగట్టి బొమ్మ తీస్తారు. కొన్ని వరసలు వదిలేసినా గణితంతో పూరించవచ్చని 2007 ప్రాంతంలో చూపించారు. తర్వాత ఆ పూరింపుని, పాత బొమ్మలు చూసి నేర్చుకునే ఏఐ ప్రోగ్రాములకి, అంటే న్యూరల్ నెట్‌వర్క్‌లకి అప్పగించారు. ఫేస్‌బుక్ పరిశోధకులూ న్యూయార్క్ యూనివర్సిటీ వైద్యులూ కలిసి 2018లో ఇదే పని కోసం ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఇప్పుడు పెద్ద కంపెనీలన్నీ ఏదో ఒక పేరుతో దీన్ని అమ్ముతున్నాయి.

మీ అనుమానానికీ ఆధారం ఉంది. వదిలేసిన చోట నెట్‌వర్క్ తనకి అలవాటైన బొమ్మే గీస్తే? చిన్న మచ్చని నున్నగా చెరిపేయడం, లేనిదాన్ని కల్పించడం జరగొచ్చని 2020లో వచ్చిన పరిశోధన చూపించింది. కాబట్టి మరీ అతివేగం గొప్పేమీ కాదు. అయినా నేను దీని పక్షమే. నడుం నొప్పితో ఉన్న డెబ్బై ఏళ్ల మనిషి అరగంట కదలకుండా పడుకోలేరు. కదిలితే బొమ్మ మొత్తం పోతుంది. పది నిమిషాల్లో వచ్చిన శుభ్రమైన బొమ్మ, అరగంటలో వచ్చిన మసక బొమ్మ కన్నా నయం. అయితే బోర్డు మీది ఏఐ బొమ్మ తీయడానికా, రిపోర్టు రాయడానికా అని అడగండి. రిపోర్టు కింద రేడియాలజిస్టు సంతకం ఉండి తీరాలి.

ఒక్క ముక్కలో జవాబులు

యానాం: లేదండీ, ఎంఆర్ఐలో సీటీలాంటి ఎక్స్‌రే రేడియేషన్ ఉండదు.

తణుకు: ఆ టకటక చప్పుడు పాడైన మెషీన్‌ది కాదు. లోపలి తీగచుట్లలో కరెంటు మారినప్పుడల్లా అవి అదిరి కొట్టుకుంటాయి. వంద డెసిబెల్స్ దాటుతుంది, చెవుల్లో ప్లగ్గులు అడిగి మరీ పెట్టించుకోండి.

రాజోలు: బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే కాంట్రాస్టు ఇంజెక్షన్‌లో ఉండేది గాడోలినియం అనే లోహం. కిడ్నీ సమస్య ఉన్నా, గర్భిణి అయినా ముందే చెప్పాలి.

అమలాపురం నుంచి: స్కాన్ సీడీ ఇచ్చారు. మా ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవే లేదు. నెట్ సెంటర్‌లో పెన్‌డ్రైవ్‌కి ఎక్కించాం, ఏ ఫైలూ తెరుచుకోవట్లేదు.

అవి మామూలు ఫొటోల జేపీజీలు కావు, స్కాన్ బొమ్మలకి వాడే డైకామ్ (DICOM) ఫైళ్లు. వాటిని ఫోల్డర్ మొత్తంగా, పేర్లు మార్చకుండా కాపీ చేయాలి. ఒక్కో ఫైలు ఒక్కో పలచని ముక్క, ఒక స్కాన్‌లో వందలు ఉంటాయి. వీసిస్ (Weasis) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి ఆ ఫోల్డర్ తెరవండి, మౌస్ చక్రం తిప్పితే ముక్క తర్వాత ముక్క కనిపిస్తుంది. హైదరాబాద్ డాక్టరుకి పంపాలంటే ఫిల్మ్‌ని కిటికీకి ఆనించి తీసిన ఫొటో వాట్సాప్‌లో పెట్టకండి. ఫోల్డర్‌ని జిప్ చేసి డ్రైవ్ లింక్ ఇవ్వండి. ప్రతి ఫైల్లోనూ పేరు, వయసు, ఐడీ దాగి ఉంటాయి కాబట్టి ఆ లింక్ ఫ్యామిలీ గ్రూపులోకీ, ఊరూ పేరూ లేని "ఫ్రీ స్కాన్ రీడింగ్" సైట్లలోకీ వెళ్లకూడదు. ఆ నెట్ సెంటర్ కంప్యూటర్లో కాపీ మిగిలిందేమో చూసి తీసేయించారా?

నరసాపురం నుంచి రూటర్ గురించి మూడోసారి రాసినవారూ, వచ్చే వారం తప్పకుండా మీదే మొదటి ఉత్తరం.