గ్యాస్ బిళ్లతో మంట తగ్గితే సరిపోయిందా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. నాలుగు నెలలుగా నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందంటున్నారు. రోజూ పరగడుపున గ్యాస్ బిళ్ల వేసుకుంటారు. మంట తగ్గింది గానీ ఆరు కిలోలు తగ్గారు. డాక్టరు గారు ఎండోస్కోపీ అంటున్నారు. అంత అవసరమా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అవసరమే, అదీ ఈ వారంలోనే. ఈ వయసులో ఇలా బరువు తగ్గుతుంటే జీర్ణాశయ క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. మంట తగ్గిందన్న మాటే మమ్మల్ని ఎక్కువ కంగారుపెడుతోంది. పాంటాప్రజోల్ లాంటి బిళ్లలు ఆమ్లాన్ని అణిచేస్తాయి. ఆమ్లం తగ్గితే క్యాన్సర్ పుండు కూడా పైపైన మానినట్టు కనిపించవచ్చు, లోపల మాత్రం దాని పని అది చేసుకుపోతుంది. ఇంట్లో అందరూ 'గ్యాసే' అనుకుంటూ నెలలు గడిపేసేది ఇక్కడే.

కొద్దిగా తినగానే నిండిపోవడం ఎందుకంటే, మామూలుగా అన్నం పడేకొద్దీ జీర్ణాశయం సాగుతుంది. ఒక రకం క్యాన్సర్ గోడంతా పాకి దాన్ని తోలుసంచిలా బిగుసుకుపోయేలా చేస్తుంది. గడ్డ జీర్ణాశయం కింది ద్వారం దగ్గరుంటే పొద్దున తిన్నది సాయంత్రం వాంతిలో వస్తుంది. మలం ఎలా ఉందో కూడా అడగండి. తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో ఉంటే లోపల రక్తం కారుతున్నట్టు. ఐరన్ బిళ్లలు వాడినా నల్లగానే వస్తుంది గానీ ఆ జిగట, ఆ వాసన ఉండవు. హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించండి. కారణం తెలియని రక్తహీనత ఒక్కోసారి మొదటి సూచన.

ఎండోస్కోపీకి భయపడక్కర్లేదు. ముందురోజు రాత్రి ఎనిమిదింటికల్లా భోజనం ముగించి, పొద్దున ఖాళీ కడుపుతో వెళ్లాలి. గొంతులో మత్తు స్ప్రే కొట్టి, ఎడమ పక్కకు పడుకోబెట్టి, కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని నోటి ద్వారా పంపి, పది నిమిషాల్లో ముగిస్తారు. షుగరు మందులు, రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపకండి. పుండు కనిపిస్తే దాని అంచుల నుంచి పరీక్ష (బయాప్సీ) కోసం ఆరు నుంచి ఎనిమిది ముక్కలు తీయాలి. ఒకటి రెండు ముక్కలతో సరిపెడితే క్యాన్సర్ తప్పిపోవచ్చు. రిపోర్టులో క్యాన్సర్ లేదని వచ్చినా, జీర్ణాశయంలో పుండు ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ చూసి, నిజంగా మానిందో లేదో తేల్చుకోవాలి. ఈ రెండోసారి చాలామంది ఎగ్గొడతారు.

ప్రశ్న: నా బయాప్సీలో హెచ్. పైలోరీ అని వచ్చింది. క్యాన్సర్ వస్తుందా? ఆవకాయ మానేయాలా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: జీర్ణాశయంలో చేరే ఈ బ్యాక్టీరియా ఉన్నవాళ్లలో చాలామందికి క్యాన్సర్ రాదు. అయినా 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చారు కాబట్టి వదిలేయకూడదు. ఆమ్లం తగ్గించే మందు, యాంటీబయాటిక్‌లు కలిపి సాధారణంగా 14 రోజులు వాడాలి. ఐదో రోజుకు బాగుందని ఆపేస్తే మందుకు లొంగని బ్యాక్టీరియా మిగులుతుంది. ఆ మందుల్లో బిస్మత్ ఉంటే నాలుక, మలం నల్లబడతాయి, కంగారుపడకండి. కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి శ్వాస పరీక్షో మలం పరీక్షో చేయించండి. దానికి ముందు రెండు వారాలు గ్యాస్ బిళ్ల ఆపాలి, లేకపోతే ఉన్నది లేనట్టు వస్తుంది. రక్తపరీక్షతో లాభం లేదు, బ్యాక్టీరియా పోయినా దాని మీద శరీరం తయారుచేసిన యాంటీబాడీలు అందులో చాలాకాలం కనిపిస్తూనే ఉంటాయి.

ఆవకాయలో అసలు సమస్య కారం కాదు, ఉప్పు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను, మించకూడదు. పచ్చడి, అప్పడం, మజ్జిగ మిరపకాయ ఒకే పూట పడితే ఆ లెక్క ఇట్టే దాటుతుంది. సిగరెట్ మాత్రం పూర్తిగా మానాల్సిందే.

ప్రశ్న: మా అన్నయ్యకు జీర్ణాశయ క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్‌కు ముందే కీమో అంటున్నారు. ఆలస్యం అవదా? జీర్ణాశయం తీసేస్తే ఎలా తింటాడు?
– ఒక పాఠకురాలు, మెహిదీపట్నం

జవాబు: అది ఆలస్యం కాదు, చికిత్సలో భాగమే. రెండు వారాలకోసారి చొప్పున ముందు నాలుగు విడతలు, ఆపరేషన్ తర్వాత నాలుగు ఇస్తారు. గడ్డ చిన్నదవుతుంది, అప్పటికే దారి పట్టిన కణాలూ అందులో పోతాయి. ఆపరేషన్ అయ్యాక నీరసంతో చాలామంది పూర్తి కీమో తట్టుకోలేరు, అందుకే ముందు. సీటీలో కనపడని చిన్న మచ్చలు కడుపు పొర మీద ఉండొచ్చు కాబట్టి లాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూడటం) కూడా అడుగుతారు. ఆపరేషన్ రిపోర్టులో కనీసం 16 లింఫ్ గ్రంథులు పరీక్షించారో లేదో చూడండి.

తర్వాత రోజుకు ఆరుసార్లు కొద్దికొద్దిగా తినాలి. ఉదయం ఒకటిన్నర ఇడ్లీ, రెండు గంటల తర్వాత గుడ్డు, అలా. నీళ్లు తిండితో కాదు, అరగంట తర్వాత. బెల్లం జావ, పండ్ల రసం తాగగానే చెమట, గుండెదడ వస్తే తీపి వేగంగా పేగుల్లోకి జారిందని అర్థం. మొత్తం తీసేస్తే బి12 ఇంజెక్షన్లు జీవితాంతం అవసరం. నిల్వలు కొన్నేళ్లు ఆదుకుంటాయి గనక లోటు ఆలస్యంగా బయటపడుతుంది, తిమ్మిర్లు వచ్చాక మేలుకుంటే కష్టం.

ఖర్చుకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రే. ఏ ఆసుపత్రికి మారినా బయాప్సీ కాగితంతో పాటు బ్లాకులు (మైనంలో భద్రపరిచిన ముక్కలు), స్లైడ్లు కూడా అడిగి తీసుకెళ్లండి. కొన్ని ప్రత్యేక మందులు పనికొస్తాయో లేదో చెప్పే హెర్2 పరీక్షకు ఆ బ్లాకే కావాలి.