డ్రిప్ కంట్రోలర్‌లో జంపర్ వైర్లు తీసేశాక ఏ కనెక్టర్లు పెట్టాలి?

మీ సెటప్ నాకు అర్థమైనంతవరకు ఇది: 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, సోలార్ ఛార్జర్, 5 వోల్టులకి దించే బక్ కన్వర్టర్, ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు), నాలుగు రిలేల బోర్డు, 40 మీటర్ల దూరంలో నాలుగు సోలెనాయిడ్ వాల్వులు, ఒక డీహెచ్‌టీ22 (గాలి వేడి, తేమ కొలిచే సెన్సర్), రెండు నేల తేమ సెన్సర్లు. అంతా జంపర్ వైర్లే. వాల్వు ఆన్ అయినప్పుడల్లా ఈఎస్‌పీ రీస్టార్ట్ అవుతోంది, తేమ రీడింగ్ ఉన్నట్టుండి సున్నాకి పడిపోతోంది. అన్నిచోట్లా ఎక్స్‌టీ60 (పెద్ద కరెంటుకి వాడే ప్లగ్) పెట్టాలా, లేక నేరుగా సోల్డర్ చేసేయాలా అన్నది ప్రశ్న.

రెండూ అక్కర్లేదు. ఒకే రకం కనెక్టర్‌తో బాక్సంతా నింపాలనుకోవడం దగ్గరే తేడా కొడుతుంది. మీ దగ్గర మూడు వేర్వేరు పనులున్నాయి: బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు, బాక్సు లోపలి సిగ్నళ్లు, బయట తడిలో ఉండే వాల్వులు. ఒక్కోదానికి ఒక్కో కనెక్టర్ కుటుంబం ఎంచుకోవాలి. కొనేటప్పుడు ఫొటో కింద రాసిన ఆంపియర్లు చూడకండి. ముందు చేతిలో ఉన్న వైరు మందం చూడండి, తర్వాత కనెక్టర్ లోపలి లోహపు ముక్కకి, అంటే టెర్మినల్‌కి, సరిపడే క్రింపింగ్ టూల్ (దాన్ని వైరు మీద నొక్కి బిగించేది) ఉందో లేదో చూడండి.

వైరు లెక్క ముందు. మన షాపుల్లో హుకప్ వైరు 7/36, 14/38, 14/36, 23/36 అని అమ్ముతారు. మొదటి అంకె పోగుల సంఖ్య, రెండోది ఒక్కో పోగు గేజ్, అదీ బ్రిటిష్ ఎస్‌డబ్ల్యూజీ లెక్కలో. కనెక్టర్ డేటాషీట్లు మాత్రం అమెరికన్ ఏడబ్ల్యూజీలో మాట్లాడతాయి. రెండింట్లోనూ గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం. 7/36 అంటే 0.2 చదరపు మి.మీ., అంటే దాదాపు 24 ఏడబ్ల్యూజీ. 14/38 అంటే 0.25. 14/36 అంటే 0.41, దాదాపు 21 ఏడబ్ల్యూజీ. 23/36 అంటే 0.67, దాదాపు 19. ఇది తెలియకపోతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో మంచి కనెక్టరు, మంచి వైరు రెండూ కొని ఇంటికొచ్చాక ఒకదాంట్లో ఒకటి పట్టక కూర్చోవాలి. బోర్డుల మీద వాడే చిన్న కనెక్టర్ జేఎస్‌టీ ఎక్స్‌హెచ్. దాని టెర్మినల్‌కి 22 నుంచి 30 ఏడబ్ల్యూజీ దాకానే పడుతుంది. ఇన్సులేషన్‌తో కలిపి వైరు బయటి మందం 1.9 మి.మీ. దాటకూడదు. కాబట్టి 7/36 హాయిగా కూర్చుంటుంది, 14/38 కూడా సరే, 14/36 ఎక్కువ. బలవంతంగా నొక్కితే రెక్కలు మూసుకోవు.

బాక్సు లోపలికి నా ఎంపిక ఎక్స్‌హెచ్. రిలిమేట్ కూడా పనికొస్తుంది, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, జీరో పీసీబీ (వరసగా రంధ్రాలున్న ఖాళీ బోర్డు) రంధ్రాలకి కచ్చితంగా సరిపోతుంది కూడా. కానీ దాని హెడర్ (బోర్డుకి సోల్డర్ చేసే భాగం) పక్కలు తెరిచి ఉంటాయి. చీకట్లో, వంగి పెట్టేటప్పుడు ఒక పిన్ను పక్కకి జరిపి దూర్చే ప్రమాదం ఉంది. ఎక్స్‌హెచ్ హెడర్ చుట్టూ గోడ ఉంటుంది, తిరగేసి పెట్టినా పక్కకి జరిపినా లోపలికి వెళ్లదు. ఒక్క ఇబ్బంది, పిన్నుల మధ్య దూరం జీరో పీసీబీ రంధ్రాల్లా 2.54 కాదు, 2.5 మి.మీ. ఐదారు పిన్నులదాకా జీరో పీసీబీలో కొంచెం నొక్కితే కూర్చుంటుంది. పది పిన్నులైతే చివరికి వచ్చేసరికి 0.36 మి.మీ. తేడా పోగవుతుంది, అది దిగదు. ఇంకోటి, ఎక్స్‌హెచ్‌కి గట్టి లాక్ ఏమీ లేదు, బిగువు మీదే నిలుస్తుంది. తీసేటప్పుడు వైర్లు పట్టి లాగొద్దు, హౌసింగ్ (ప్లాస్టిక్ తొడుగు) పట్టుకునే తీయాలి.

ఆన్‌లైన్‌లో కొంటే పేర్లని నమ్మొద్దు. 'జేఎస్‌టీ 2.54' అని అమ్మేది సాధారణంగా ఎక్స్‌హెచ్ నకలు. 'మైక్రో జేఎస్‌టీ 1.25' అని అమ్మేది నిజానికి మోలెక్స్ పికోబ్లేడ్ నకలు. హౌసింగ్, హెడర్, టెర్మినళ్లు మూడూ ఒకే అమ్మకందారు దగ్గర ఒకేసారి తీసుకోండి. ఒకరి టెర్మినల్ ఇంకొకరి హౌసింగ్‌లో 'టిక్'మనకుండా జారిపోతుంటుంది. మీకు కావలసినవి దాదాపు 17 చివరలు: సెన్సర్లకి 9, రిలే బోర్డుకి 6, 5 వోల్టుల సప్లైకి 2. టెర్మినళ్లు 50 కొనండి, మొదటి పది నేర్చుకోవడానికే పోతాయి.

ఈఎస్‌పీ32 బోర్డుకి బెర్గ్ పిన్నులు (వరసగా నిలిచి ఉండే పిన్నులు) ఉంటాయి కదా, వాటికి నేరుగా ఏదీ తగిలించొద్దు. జీరో పీసీబీ మీద ఫిమేల్ బెర్గ్ స్ట్రిప్‌లు రెండు సోల్డర్ చేసి బోర్డుని అందులో కూర్చోబెట్టండి, ఆ పీసీబీ అంచునే ఎక్స్‌హెచ్ హెడర్లు పెట్టండి. రిలే బోర్డు మీది ఆరు పిన్నులు పీకి హెడర్ మార్చే ఓపిక లేకపోతే ఆ ఒక్కచోట డ్యూపాంట్ (జంపర్ వైర్ల చివర ఉండే కనెక్టర్) ఉంచొచ్చు. కాకపోతే ఆరు విడి ముక్కలు కాదు, ఆరు పిన్నుల ఒకే హౌసింగ్ వాడండి. పక్కపక్కన ఉన్నవి ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి. వైరు మాత్రం జంపర్‌ది వద్దు. చవక జంపర్లలో పోగులు సన్నం, కొన్నిట్లో రాగి పూత పూసిన ఇనుమే ఉంటుంది. అయస్కాంతం దగ్గర పెడితే తెలిసిపోతుంది.

మీ రీస్టార్ట్ సమస్యకి మూలం చాలావరకు అక్కడే. వైఫై పంపే క్షణంలో ఈఎస్‌పీ32 అర ఆంపియర్ దాకా లాగుతుంది. నాలుగు రిలే కాయిళ్లు ఒక్కొక్కటి 70 మిల్లీ ఆంపియర్ల చొప్పున దానికి తోడవుతాయి. ఇదంతా ఒకే సన్న జంపర్‌లోంచి, వదులు పిన్నులోంచి వస్తే 5 వోల్టులు అక్కడికి చేరేసరికి తగ్గిపోతాయి. సీరియల్ మానిటర్‌లో 'బ్రౌనౌట్ డిటెక్టర్' అని కనిపిస్తే ఇదే. బక్ కన్వర్టర్ నుంచి ఈఎస్‌పీకి ఒక జత, రిలే బోర్డుకి వేరే జత 14/38 వైర్లు లాగండి, ఒకదాని మీదుగా ఇంకోదానికి ఇవ్వొద్దు.

ఇక క్రింపింగ్. కనెక్టర్ల గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. టెర్మినల్‌కి రెండు జతల రెక్కలుంటాయి. ముందు జత రాగిని పట్టాలి, వెనక జత ఇన్సులేషన్‌ని పట్టాలి. ఎక్స్‌హెచ్‌కి వైరు రెండు, రెండున్నర మి.మీ. మాత్రమే ఒలవాలి. క్రింప్ చేశాక ముందు రెక్కల అవతల రాగి కొసలు అర మి.మీ. తొంగిచూడాలి, రెండు జతల మధ్య సందులో ఇన్సులేషన్ అంచు కనిపించాలి. తక్కువ ఒలిస్తే ముందు రెక్కలు ఇన్సులేషన్‌ని నొక్కుతాయి. మల్టీమీటర్ బీప్ అంటుంది, వైరు కదిలితే రీడింగ్ పోతుంది. మీ తేమ సెన్సర్ సున్నా కొట్టడం అచ్చం ఇలాంటి లూజ్ కాంటాక్ట్ లక్షణమే. ఎక్కువ ఒలిస్తే రాగి ముందుకి పొడుచుకొచ్చి ఎదుటి పిన్ను లోపలికి దిగదు.

నోస్ ప్లయర్‌తో నొక్కినా పనవుతుందని చాలామంది చెబుతారు. అప్పటికి అవుతుంది. రెక్కలు లోపలికి చుట్టుకుని పోగుల్ని బిగించాల్సింది పోయి చదునుగా వంగి ఊరుకుంటాయి, ఎండకీ చలికీ వ్యాకోచించి సంకోచించి కొన్నాళ్లకి వదులవుతాయి. ఎక్స్‌హెచ్‌కి, దానికన్నా చిన్నదైన పీహెచ్ రకానికి ఎస్ఎన్-01బీఎం, డ్యూపాంట్‌కి ఎస్ఎన్-28బీ అనే రాచెట్ టూల్స్ దొరుకుతాయి. ఒక్కటే కొనగలిగితే మొదటిది కొని డ్యూపాంట్ ఉన్నచోట్లన్నీ ఎక్స్‌హెచ్‌కి మార్చేయండి.

క్రింప్ చేసినదాని మీద సోల్డర్ పొయ్యొద్దు. సోల్డర్ పోగుల వెంట ఇన్సులేషన్ లోపలికి పాకి వైరుని పుల్లలా గట్టిపరుస్తుంది, అది ఆగిన చోటే వైరు విరుగుతుంది. క్రింప్ మీద నమ్మకం లేకపోతే లాగి చూడండి. 24 ఏడబ్ల్యూజీ వైరు రెండు కేజీలకి పైగా, 22 ఏడబ్ల్యూజీ మూడున్నర కేజీలు తట్టుకోవాలి. మొదటి మూడు నాలుగింటికి సంచిలో బియ్యం వేలాడదీసి చూస్తే మీ టూల్ ఏపాటిదో తేలిపోతుంది.

పిన్నుల సంఖ్య విషయంలో ఒక నియమం పెట్టుకోండి. 12 వోల్టులది, సెన్సర్లది ఒకే కుటుంబం, ఒకే సైజు కాకూడదు. 3 పిన్నుల ఎక్స్‌హెచ్ సెన్సర్లకి, 2 పిన్నులది 5 వోల్టులకి. 12 వోల్టులకి అసలు ఎక్స్‌హెచ్చే వద్దు. తప్పు ప్లగ్ దూరే వీలు లేకపోతే లేబుల్ చెరిగిపోయినా బోర్డు బతుకుతుంది. కెపాసిటివ్ తేమ సెన్సర్లలో చాలావాటికి బోర్డు మీద 2 మి.మీ. పీహెచ్ సాకెట్ ఉంటుంది. దాంతో వచ్చిన కేబుల్‌కి అవతలి డ్యూపాంట్ చివర్లు మాత్రం కత్తిరించి ఎక్స్‌హెచ్ వేస్తే చాలు.

బ్యాటరీ వైపు ఎక్స్‌టీ60 అతి. దాని సోల్డర్ గిన్నెలు 12 ఏడబ్ల్యూజీ వైరు కోసం చేసినవి. సన్న వైరు పెడితే సోల్డర్ ముద్దలో ఊగులాడుతుంది. మీ మొత్తం లోడ్ వాల్వులన్నీ ఒకేసారి తెరిచినా రెండున్నర ఆంపియర్ల లోపే. ఎక్స్‌టీ30 చాలు, అది 15 ఆంపియర్లు నిరంతరం మోస్తుంది. బ్యాటరీ వైపు ఫిమేల్ పెట్టాలి, లేకపోతే ఊడదీసినప్పుడు కరెంటున్న పిన్నులు బయట పడి ఉంటాయి. సోల్డర్ చేసేటప్పుడు మేల్‌నీ ఫిమేల్‌నీ కలిపి ఉంచి చేయండి, ప్లాస్టిక్ మెత్తబడినా పిన్నులు పక్కకి ఒరగవు. హీట్ ష్రింక్ స్లీవ్ ముందే వైరుకి ఎక్కించడం మర్చిపోవద్దు.

బ్యాటరీ ట్యాబ్ కొలిచి చూడండి. 7 ఏహెచ్‌వి ఎక్కువగా 4.8 మి.మీ., కొన్ని 6.35. పెద్ద థింబుల్‌ని (వైరు చివర నొక్కి ట్యాబ్‌కి తొడిగేది) చిన్న ట్యాబ్‌కి నొక్కి సర్దితే అది వేడెక్కుతుంది. ప్లస్ వైరు మీద బ్యాటరీకి జానెడు దూరం లోపే 5 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజ్ తప్పనిసరి. షార్ట్ అయితే ఇంత చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ కూడా వంద ఆంపియర్లు దాటి ఇస్తుంది.

వాల్వు వైర్లు రిలే బోర్డు స్క్రూ టెర్మినళ్లలోకి వెళ్తాయి. అక్కడ పోగులకి టంకం పెట్టి బిగించడం మనవాళ్ల అలవాటు, అది మానాలి. టంకం మెత్తన, ఒత్తిడికి మెల్లగా పరుచుకుపోతుంది, స్క్రూ వదులవుతుంది. ఫెర్రూల్ (పోగుల మీద నొక్కే చిన్న లోహపు గొట్టం) వేసి బిగించండి. 40 మీటర్ల దూరానికి 14/36 వైరైతే రానూపోనూ 3.4 ఓములు, 0.4 ఆంపియర్లకి 1.3 వోల్టుల పైనే పోతుంది. 1 చదరపు మి.మీ. కేబుల్ వేస్తే అర వోల్టుతో సరి. వాల్వు చివర ట్యాబులు సాధారణంగా 6.35 మి.మీ. వాటికి ఎరుపు రంగు ఫిమేల్ థింబుల్, ఎందుకంటే ఎరుపు 0.5 నుంచి 1.5 చదరపు మి.మీ. వైరుకి. నీలం వేస్తే వదులు.

బయట జాయింట్ తప్పనిసరైతే వాహనాలకి వాడే సూపర్‌సీల్ రకం రెండు పిన్నులది తీసుకోండి. రబ్బరు సీల్ వైరుకి ముందే ఎక్కించాలి, వెనక రెక్కలు ఆ సీల్‌ని పట్టాలి. సీల్ మర్చిపోతే ఆ కనెక్టర్‌కి మామూలుదానికీ తేడా లేదు. కేబుళ్లు బాక్సు అడుగు నుంచే గ్లాండ్ (కేబుల్ చుట్టూ బిగుసుకుని నీరు రాకుండా ఆపేది) ద్వారా రావాలి. సందులకి సిలికాన్ పూస్తే వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, ఆ ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ అని రాసి ఉన్నది వాడండి.

అంతా బిగించాక లోడ్ నడుస్తుండగా మల్టీమీటర్‌ని మిల్లీ వోల్టుల్లో పెట్టి ఒక్కో కనెక్టర్ ఇవతలా అవతలా కొలవండి. 2 ఆంపియర్ల దగ్గర 20 మిల్లీ వోల్టులు వస్తే 10 మిల్లీ ఓములు, బాగున్నట్టే. 100 మిల్లీ వోల్టులు దాటితే ఆ క్రింప్ కోసేసి కొత్తది వేయండి. అన్నీ సరిగా ఉండి కూడా వాల్వు ఆగిన క్షణంలో ఈఎస్‌పీ రీస్టార్ట్ అయితే తప్పు కనెక్టర్‌ది కాదు, కాయిల్ తన్నే వోల్టేజ్‌ది. ప్రతి వాల్వు ట్యాబుల మధ్య ఒక 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న వైపు ప్లస్‌కి వచ్చేలా పెట్టండి.