రచయితల సందేహాలు: తెచ్చుకున్నాక ఏం జరిగింది?

ప్రశ్న: మేడమ్, నేనొక ఫాంటసీ నవల రాస్తున్నాను. హీరో భార్యను మృత్యులోకపు రాజు ఎత్తుకుపోతాడు. హీరో ఏడు ద్వారాలు దాటి, ఒక్కో కావలివాణ్ణి ఓడించి ఆమెను తెచ్చుకుంటాడు. మొత్తం 22 అధ్యాయాలు. చదివిన స్నేహితులు యుద్ధాలు బాగున్నాయన్నారు గానీ, చివర్లో ఏమీ అనిపించలేదన్నారు. ఎనిమిదో ద్వారం పెట్టమంటారా?

జవాబు: వద్దండీ. మీరు పంపిన ఆఖరి అధ్యాయం రెండుసార్లు చదివాను. హీరో ఆమె చెయ్యి పట్టుకుంటాడు, ద్వారాలు వాటంతటవే తెరుచుకుంటాయి, తర్వాతి పేరాలో ఇద్దరూ కోటలో ఉంటారు. వెళ్లడానికి 21 అధ్యాయాలు పట్టింది, రావడం రెండు వాక్యాల్లో అయిపోయింది. మీ పాఠకులకు కావలసింది ఆ తిరుగు దారి.

సావిత్రి కథే తీసుకోండి. యముడితో ఆమె సంవాదం అందరికీ గుర్తుంటుంది. మామగారికి చూపు, పోయిన రాజ్యం, తండ్రికి నూరుగురు కొడుకులు, తనకు సత్యవంతుడి వల్ల నూరుగురు కొడుకులు, ఆఖరికి అతని ప్రాణం. ఆ తర్వాతి భాగం చాలామంది చెప్పరు. వ్యాసభారతం అరణ్యపర్వంలో అది ఉంది, తప్పకుండా చదవండి. సత్యవంతుడు కళ్లు తెరిచి, ఇంతసేపు నిద్రపోయానే, ఎందుకు లేపలేదని అడుగుతాడు. నన్ను లాక్కెళ్లిన ఆ నల్లటి మనిషి ఏడీ అంటాడు. అంత గెలిచి వచ్చిన సావిత్రి తన గెలుపు మాటే ఎత్తదు. చీకటి పడింది, జరిగిందంతా రేపు చెప్తానంటుంది. అతనికేమో అమ్మానాన్నలు ఎదురుచూస్తుంటారని ఒకటే బెంగ. అప్పుడామె పళ్ల బుట్టను, రేపు తీసుకెళ్లొచ్చని, చెట్టుకొమ్మకు తగిలిస్తుంది. గొడ్డలి తను పట్టుకుంటుంది. అతని చేతిని తన ఎడమ భుజం మీద వేసుకుని, కుడిచేత్తో పొదివి పట్టుకుని నడిపిస్తుంది.

ఆ బుట్ట దగ్గరికి వచ్చేసరికి నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. యముణ్ణే ఒప్పించిన మనిషి రేపటి పళ్ల సంగతి చూస్తోంది. వాళ్లకు రేపనేది మళ్లీ వచ్చిందని నాకు తెలిసేది అక్కడే.

మీ హీరోకి ఇంకా దగ్గరివాడు రురుడు. భారతంలోనే ఆదిపర్వంలో వస్తాడు. తను చేసుకోబోయే ప్రమద్వరను పెళ్లికి కొద్ది రోజుల ముందు పాము కరిస్తే, తన ఆయుష్షులో సగం ఇచ్చి బతికించుకుంటాడు. కత్తి దూసింది లేదు, ఎవర్నీ ఓడించిందీ లేదు. అక్కడితో కథ ఆగిపోతే అందంగానే ఉండేది. కానీ పెళ్లయ్యాక కూడా అతని కోపం చల్లారదు. కర్ర పట్టుకుని కనిపించిన పామునల్లా కొడుతూ తిరుగుతాడు. ఒకరోజు విషంలేని ముసలి పాము మీద కర్ర ఎత్తితే అది, నేను నీకేం అపకారం చేశాను అని అడుగుతుంది. భార్య ఇంట్లో క్షేమంగా ఉంది, అయినా ఇతని చేతిలోంచి కర్ర దిగలేదు. ఏడు ద్వారాల దగ్గర కత్తి తిప్పిన మీ హీరో ఇంటికి రాగానే మామూలు మనిషైపోవడం నేను నమ్మలేకపోయింది ఇందుకే.

ప్రశ్న: వెనక్కి తిరిగి చూడకూడదనే షరతు పెడితే పాతబడిన ఎత్తుగడ అనుకుంటారా?

జవాబు: పెట్టండి, కాకపోతే తిరిగి చూడటానికి అతని మనసులోంచే కారణం రావాలి. గ్రీకుల కథలో ఓర్ఫియస్ చనిపోయిన భార్యను మృత్యులోకం నుంచి తెచ్చుకుంటూ దాదాపు వెలుతురు దాకా వచ్చి, ఆమె వెనకాల వస్తోందో లేదో అని ఆగలేక తిరిగి చూస్తాడు. జపాన్ వాళ్ల పురాణంలో ఇజనాగి కూడా చనిపోయిన భార్య కోసం మృత్యులోకానికి వెళ్లి, చూడొద్దన్నా చీకట్లో దీపం వెలిగించి చూస్తాడు. భార్య ఒళ్లు కుళ్లి, పురుగులు పట్టి ఉంటుంది. భయపడి పారిపోయి, దారికి బండరాయి అడ్డం పెడతాడు. ఒకడు ప్రేమకొద్దీ చూశాడు, ఇంకొకడు చూశాక తట్టుకోలేకపోయాడు. మీవాడు ఎందుకు చూస్తాడో ముందు తేల్చుకోండి.

నా సంగతి ఒకటి చెప్తాను. మావారు పోయి తొమ్మిదేళ్లు. ఆయన అర ఖాళీ చేసి నా పుస్తకాలు సర్దుకున్నాను. ఇప్పటికీ కలలో ఆయన తలుపు తీసుకుని వస్తుంటారు. నేను ఎదురెళ్లను. ఆయన లోపలికి వచ్చేలోపు ఆ పుస్తకాలు తీసెయ్యాలని టెన్షన్ పడుతూ ఉంటాను. తీస్తుండగానే మెలకువ వచ్చేస్తుంది.

మీ కథలో ఆమె మృత్యులోకంలో ఉన్నది మూడేళ్లు. 22వ అధ్యాయం మళ్లీ రాయండి. ఏడో ద్వారం నుంచి ఇంటిదాకా ఇద్దర్నీ నడిపించండి. ఎవరు ముందు, ఎవరు వెనక? మొదట మాట్లాడేది ఆమే కావాలి. ఇంటికొచ్చాక తన అరలో ఎవరి వస్తువులు ఉన్నాయో కూడా ఆమెనే చూడనివ్వండి. రాశాక నాకు పంపండి, చదువుతాను.