నునావుట్ వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నునావుట్‌లో నర్సుగా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. కెనడా ఉత్తర కొసన, ఇన్యూట్ జనం ఉండే ప్రాంతం అది. పదకొండేళ్లు అక్కడే ఉన్నదాన్ని, నాకు తెలిసింది రాస్తున్నాను.

ఆ 25 ఊళ్లలో ఏ రెండింటినీ కలిపే రోడ్డు లేదు. చాలా చోట్ల ఊళ్లో వైద్యుడూ ఉండడు, మీ నర్సులే దిక్కు. మంచుతుఫాను పడితే రోజుల తరబడి విమానం రాదు. అందుకే 2020లో, ఇళ్లకు తిరిగి వచ్చేవాళ్లను నునావుట్ బయట, దక్షిణాన ఉన్న కెనడా నగరాల్లో 14 రోజులు ఆపి పంపారు. నవంబరు దాకా ఊళ్లలోకి కోవిడ్ రాలేదు. జబ్బు ఊళ్లోకి రాకముందు అలాంటి గడువు దొరికితే ఒక్క రోజూ పోనివ్వకు.

ఆ రోజుల్లో ఇల్లిల్లూ తిరుగు. మూడు గదుల్లో పది మంది పడుకునే ఇంటికి వెళ్లి విడిగా ఉండమని చెబితే ఎలా ఉంటారు? ముసలివాళ్లను ఏ బంధువు ఇంటికి మార్చగలరో ముందే అడుగు. చాలా ఊళ్లలో నీళ్లు లారీలో తెచ్చి ఇంటి ట్యాంకులో పోస్తారు. జనం ఎక్కువైతే అది త్వరగా అడుగంటుతుంది. చేతులు కడుక్కోమని చెప్పే ముందు ట్యాంకులో నీళ్లున్నాయో లేదో చూడు.

ఇంటిల్లిపాదీ ఒకేసారి మంచాన పడితే పొయ్యి ఎవరు వెలిగిస్తారో కూడా తేల్చుకో. 1918లో కెనడా తూర్పున లాబ్రడార్ తీరాన ఒకాక్ అనే ఊరికి ఓడతో పాటు ఫ్లూ వచ్చింది. సుమారు 260 మందిలో 200 మందికి పైగా పోయారు. ఆ చలిలో నిప్పు రాజేసే మనిషి లేని ఇంట్లో, జ్వరం తగ్గేవాళ్లు కూడా దక్కరమ్మా.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. 1950లలో క్షయ పరీక్షలకు ఓడ వచ్చేది. జబ్బుందని తేలినవాళ్లను చాలాసార్లు ఇంటికి వెళ్లి చెప్పి రానివ్వకుండానే దక్షిణానికి తీసుకెళ్లిపోయారు. కొందరి సమాధులు ఎక్కడున్నాయో కుటుంబాలకు ఏళ్ల తరబడి తెలియలేదు. 2019లో కెనడా ప్రధాని నునావుట్ రాజధాని ఇకాలుయిట్ వచ్చి క్షమాపణ చెప్పారు. కానీ ఆ భయం ఇంకా పోలేదు.

ఒకసారి ఆయాసంతో ఉన్న ఒక అవ్వ అంబులెన్సు విమానం ఎక్కనని నా చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు ఓడెక్కిన ఆమె అన్న తిరిగి రాలేదట. నేను బతిమాలడం మానేసి, దుభాషిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఏ ఆసుపత్రికి వెళ్తుందో, మనవడు రోజూ ఏ వేళకు ఫోను చేస్తాడో, ఎవరు తిరిగి తీసుకొస్తారో ఇన్యూట్ లిపిలో ఒక అట్టముక్క మీద రాయించాను. అవ్వ రెండుసార్లు చదువుకుని, అట్టను చొక్కా లోపల దాచుకుని, బూట్లు తెమ్మంది.