దడ వచ్చినప్పుడు దొరకని ఈసీజీ

ప్రశ్న: అమ్మకు 63 ఏళ్లు. నెలకు రెండుమూడు సార్లు ఉన్నట్టుండి గుండెదడ వచ్చి అరగంటలో తగ్గిపోతోంది. ఆస్పత్రికి వెళ్లేసరికి ఈసీజీ నార్మల్. గ్యాస్ అనుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: అప్పుడే అలా అనుకోకండి. ఈసీజీలో పడేది సుమారు 10 సెకన్ల గుండె లయే. దడ తగ్గాక తీస్తే నార్మల్‌గానే రావచ్చు. దడ మొదలవగానే కేజీహెచ్ (విశాఖలోని పెద్ద ప్రభుత్వాస్పత్రి) దాకా పరుగెత్తకుండా, ఇంటికి దగ్గర్లోని క్లినిక్‌లో తీయించండి. ఆ కాగితాన్ని ఫొటో తీసి దాచండి. థర్మల్ పేపర్ మీద గీతలు వెలిసిపోతాయి. నాడి పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే, లయ తప్పిన నాడికి లెక్క తప్పుతుంది.

ఇంత అరుదుగా వచ్చే దడ 24 గంటల హోల్టర్‌కు (ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ యంత్రం) దొరకకపోవచ్చు. ఛాతీ మీద అంటించి ఎక్కువ రోజులు ఉంచే ఈసీజీ ప్యాచ్ గురించి కార్డియాలజిస్టును అడగండి. ఎకో (గుండె స్కాన్), థైరాయిడ్, పొటాషియం, హిమోగ్లోబిన్ పరీక్షలూ అవసరమే.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) అని తేలితే అసలు భయం దడ కాదు, గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం రావడం. దాన్ని ఆపడానికి ఆస్పిరిన్ చాలదు. రక్తం గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్ రాస్తే ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష) సాధారణంగా 2–3 మధ్య ఉండాలి. ఆకుకూరలు ఈ మందు మీద ప్రభావం చూపినా తోటకూర మానక్కర్లేదు, తినే మోతాదు వారం వారం మారకపోతే చాలు. ఎస్వీటీ (ఉన్నట్టుండి గుండె అతివేగంగా కొట్టుకునే మరో రకం దడ) అయితే అబ్లేషన్‌తో (సన్నని గొట్టం పంపి దడకు కారణమైన చోటును మాడ్చే చికిత్స) చాలామందికి నయమవుతుంది, ఎలక్ట్రోఫిజియాలజిస్టును (గుండె లయ నిపుణుడు) కలవండి.

దడతో పాటు ఛాతీనొప్పి, ఆయాసం వచ్చినా, స్పృహ తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయండి.