చౌమహల్లా చూసే రోజు ఎక్కడ తినాలి, ఏ వేళకు తినాలి?

ప్రశ్న: అమ్మానాన్నలతో, ఇద్దరు పిల్లలతో కలిసి ఆరుగురం హైదరాబాద్ వస్తున్నాం. చౌమహల్లా ప్యాలెస్, అందులోని తోటలు తీరిగ్గా చూడాలని ఉంది. లోపల భోజనం దొరుకుతుందా? లేకపోతే దగ్గర్లో ఎక్కడ తినాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఏ వారమో చూసుకోండి. శుక్రవారం ప్యాలెస్‌కు సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియానికీ అదే రోజు సెలవు. పైగా మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ చార్మినార్ చుట్టుపక్కల బండి కదలదు. మిగతా రోజుల్లో ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు చూడవచ్చు.

లోపల భోజనం దొరుకుతుందన్న లెక్కతో మాత్రం వెళ్లొద్దు. పూట గడిచే తిండి బయటే. అయితే పాతబస్తీలో ‘ఎక్కడ’ అన్నదాని కంటే ‘ఎప్పుడు’ అన్నదే ముఖ్యం. ఇక్కడ ప్రతి వంటకానికీ ఒక వేళ ఉంది. ఆ వేళ దాటి వెళ్తే ఎంత పేరున్న హోటల్లోనైనా అడుగూబొడుగూ మిగిలినదే పళ్లెంలోకి వస్తుంది. కాబట్టి తిండి వేళలు ముందు ఖాయం చేసుకుని, వాటి మధ్యలో ప్యాలెస్‌ను ఇరికించండి.

పొద్దున నహారీ. మాంసం, ఎముకలు రాత్రంతా సన్నటి సెగ మీద ఉడికితే వచ్చే పల్చటి, ఘాటైన పులుసు ఇది. నాలుగు మూలల నాన్‌తో గానీ కుల్చాతో గానీ తింటారు. నయాపూల్ దగ్గరి నయాబ్ హోటల్ దీనికి పేరున్నది. తెల్లవారకముందే జనం ఉంటారు, తొమ్మిది దాటితే గిన్నె ఖాళీ కావచ్చు. అంత పొద్దున్నే నహారీ మీవాళ్లకు సయించకపోతే కిచిడీ, ఖీమా, ఖట్టా అడగండి. ఎర్ర కందిపప్పుతో చేసిన పసుపుపచ్చ కిచిడీ, పక్కన నువ్వులు, చింతపండు కలిపిన పుల్లటి ఖట్టా. హైదరాబాద్ ఇళ్లలో పొద్దుటి ఫలహారం ఇదే. పెద్దవాళ్ల కడుపుకు నహారీ కంటే తేలిక.

పదింటికల్లా ప్యాలెస్ గేటు దగ్గర ఉండండి. చార్మినార్ చుట్టూ వాహనాలను రానివ్వరు. ఆటో ముందే ఆగిపోతుంది. అక్కడి నుంచి లాడ్ బజార్ మీదుగా నడిస్తే పది నిమిషాల దారి. మీ అమ్మానాన్నలకు నడక కష్టమైతే, చార్మినార్ వైపు కాకుండా నేరుగా ప్యాలెస్ ఉన్న ఖిల్వత్ వైపు తీసుకెళ్లమని ఆటోవాలాకు ఎక్కేముందే చెప్పండి. మెట్రోలో వచ్చేవాళ్లు ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కడం మేలు.

మొదటి ఆవరణలో పొడవాటి కొలను, దాని చివర ఖిల్వత్ ముబారక్ దర్బారు హాలు, అందులో బెల్జియం షాండ్లియర్లు ఉంటాయి. వెనక ఆవరణలో తోట చుట్టూ అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, ఆఫ్తాబ్ మహళ్లు. ఆ నాలుగు మహళ్ల వల్లే చౌమహల్లా అన్న పేరు. 1912 నాటి రోల్స్‌రాయిస్ ఉన్న కార్ల ప్రదర్శన దగ్గర పిల్లలు ఆగిపోతారు. అన్నీ కలిపి రెండు, రెండున్నర గంటలు పడుతుంది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆ ఆవరణల్లో నీడ తక్కువ. అందుకే తోటలు ముందు, హాళ్లు తర్వాత చూడండి.

పన్నెండున్నరకు బయటపడితే బిర్యానీకి సరిగ్గా వేళ. పొద్దున దమ్‌కు పెట్టిన దేగ్‌లు, అంటే పెద్ద వంట పాత్రలు, మధ్యాహ్నానికి తెరుస్తారు. పచ్చి మాంసాన్ని పెరుగు, మసాలాలో నానబెట్టి, పైన సగం ఉడికిన బియ్యం పరిచి, మూత చుట్టూ మైదా ముద్దతో మూసి వండే కచ్చి బిర్యానీ ఇది. మూత తీసిన గంటలోపు తింటే మెతుకు విడివిడిగా ఉంటుంది. మూడున్నరకు వెళ్తే అన్నం అణిగిపోయి, ముక్క ఎండిపోయి ఉంటుంది. ‘పేరు గొప్ప, రుచి లేదు’ అని చాలామంది నిరాశపడేది ఈ ఆలస్యం వల్లే.

దగ్గర్లో రెండు చోట్లు చెబుతాం. ప్యాలెస్‌కు దక్షిణంగా షా అలీ బండలో షా గౌస్. ఉత్తరంగా, చార్మినార్ దాటి హైకోర్టు రోడ్డులో మదీనా బిల్డింగ్ దగ్గర షాదాబ్. పెద్దవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి మా ఓటు షాదాబ్‌కే. పైన ఏసీ హాలుంది, కూర్చోవడానికి కాస్త స్థిమితంగా ఉంటుంది. అయితే ఆదివారం ఒంటిగంట దాటితే వరుసలో నిలబడక తప్పదు.

ఆరుగురికీ ఆరు ప్లేట్లు ఒకేసారి చెప్పకండి. ఒక్కో ప్లేటు ఒకరికి ఎక్కువే. మూడు చెప్పి, చాలకపోతే మళ్లీ అడగండి. పిల్లలకు కారం పడకపోతే, మసాలా తక్కువగా పైన తెల్లన్నం వేయమనండి. దేగ్‌లో మసాలా అంతా అడుగున ఉంటుంది, పై పొరల్లో కారం తక్కువ. తర్వాత ఖుబానీ కా మీఠా ఒకటి తెప్పించుకుని పంచుకోండి. ఎండు ఆప్రికాట్లను నానబెట్టి, చక్కెరతో ఉడికించి చేస్తారు. వాటి గింజల్లోని పప్పును పగలగొట్టి పైన చల్లితే అసలు పద్ధతి.

ప్రశ్న: మాది పూర్తి శాకాహార కుటుంబం. మాంసం వండే వంటగదిలో చేసింది మా అత్తగారు ముట్టరు. మేము ఆ చుట్టుపక్కల పస్తుండాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అక్కర్లేదు. కాకపోతే మీ రోజు క్రమం మారుతుంది. గుల్జార్ హౌజ్ దగ్గర, చార్ కమాన్ పక్కన గోవింద్ దోసె బండి ఉంది. పెనం మీద వెన్నతో కాల్చే దోసె, మసాలా చల్లి వేయించే తవా ఇడ్లీ దాని ప్రత్యేకత. పొద్దుటి పూట మాత్రమే ఉంటుంది, నిలబడే తినాలి. మీ అత్తగారికి నిలబడటం కష్టమైతే తొమ్మిదిలోపు వెళ్లండి, రద్దీ తక్కువ. వెన్న దండిగా పడుతుంది, వద్దంటే ముందే చెప్పాలి.

అది గట్టిగా తింటే ప్యాలెస్ చూసి వచ్చేవరకు ఆకలి వేయదు. మధ్యాహ్న భోజనానికి మూసీ దాటి అబిడ్స్‌లోని తాజ్‌మహల్ హోటల్‌కు వెళ్లండి. 1948 నుంచి ఉన్న శాకాహార హోటలు. ఒంటిగంటకు బయల్దేరితే ట్రాఫిక్‌లో అరగంట పట్టినా భోజనం వేళకు అందుకుంటారు. బిర్యానీ హోటళ్లలో ‘వెజ్ బిర్యానీ’ దొరుకుతుంది గానీ, మీరు చెప్పిన నియమం ప్రకారం అది మీకు కుదరదు.

తిరుగుదారిలో మొజంజాహీ మార్కెట్ తగులుతుంది. 1935 నాటి రాతి కట్టడం. అక్కడ ఫేమస్ ఐస్‌క్రీమ్ దుకాణంలో పండ్ల ఐస్‌క్రీములు తినండి. శీతాకాలం మొదట్లో సీతాఫలం, వేసవిలో మామిడి. కాలం కాని పండు అడగకండి.

ప్రశ్న: పులిహోర, దద్దోజనం కట్టుకెళ్లి ప్యాలెస్ తోటలో కూర్చుని తినవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దు. ఆ పచ్చిక కూర్చుని తినే చోటు కాదు. మెతుకులు రాలితే చీమలు, పావురాలు చేరతాయి. వాటి రెట్టలు సున్నపు నగిషీని తినేస్తాయి. ఏళ్ల తరబడి బాగుచేసిన కట్టడాలివి. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది ఆ శ్రమకే.

ఇంటి అన్నమే తినాలనుకుంటే నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్లండి. పాతవాళ్లు బాగే ఆమ్ అంటారు. అదీ నిజాముల నాటి తోటే, చెట్ల నీడ ఉంటుంది. చింతపండు పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది. దద్దోజనం అలా కాదు, ఎండలో నాలుగైదు గంటలకే పులిసిపోతుంది. తప్పదనుకుంటే అన్నంలో పాలు ఎక్కువ పోసి, ఒక్క చెంచా పెరుగుతో తోడు వేయండి. తినే వేళకు సరిగ్గా తోడుకుంటుంది.

ప్రశ్న: నాకు షుగర్, మా అబ్బాయికి వేరుశనగ పడదు. పాతబస్తీలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ అబ్బాయి సంగతి ముందు. బిర్యానీతో ఇచ్చే మిర్చీ కా సాలన్‌లో వేరుశనగ, నువ్వులు, కొబ్బరి రుబ్బి వేస్తారు. చూడటానికి మామూలు పులుసులా ఉంటుంది, అడగకుండానే బల్ల మీదికి వస్తుంది. బఘారా బైంగన్‌లోనూ అదే ముద్ద. కూర్చోగానే ఆ గిన్నె వెనక్కి పంపేయండి, వడ్డించే గరిటె కూడా అటూ ఇటూ కలవకూడదని చెప్పండి. పెరుగు చట్నీ చాలు.

మీకు ఇబ్బంది ఇరానీ చాయ్‌తో. డికాక్షన్ ఒక పాత్రలో, చిక్కగా మరిగిన పాలు మరో పాత్రలో ఉంటాయి, కప్పులో కలుపుతారు. చాలాచోట్ల చక్కెర ముందే మరిగించేస్తారు కాబట్టి ‘చక్కెర లేకుండా’ అంటే కుదరదు. అడిగి చూడండి, లేదంటే ఆ ఒక్కటి వదిలేయండి. మీవాళ్లలో పాలు ఎక్కువగా, చిక్కగా కావాలనేవాళ్లు ‘పౌనా’ అని అడగాలి.

ప్రశ్న: రంజాన్ నెలలో వస్తే ఇబ్బందా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: పగలు తినడానికి ఇబ్బందే. పాతబస్తీలో చాలా హోటళ్లు పగలు మూసి ఉంటాయి, లేదా తెర కట్టి నడుస్తాయి. చుట్టూ ఉపవాసం ఉన్నవాళ్ల మధ్య వీధిలో నిలబడి తినకపోవడమే మర్యాద. ఎక్కడ దిగితే అక్కడే గట్టిగా ఫలహారం చేసి బయల్దేరండి. ప్యాలెస్‌ను మధ్యాహ్నం తర్వాతకు జరపండి, ఐదుకు బయటికొస్తే హలీమ్ వేళ. గోధుమ, మాంసం, పప్పులు కట్టెల బట్టీ మీద గంటల తరబడి ఉడికించి, కర్రలతో దంచి చేస్తారు. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. షా అలీ బండలోని పిస్తా హౌస్ దీనికి ప్రసిద్ధి. నిమ్మకాయ పిండుకుని వేడిగా తినాలి, చల్లారితే జిగురుగా గడ్డకడుతుంది. ఒక్క గిన్నె ఇద్దరికి సరిపోతుంది.

ప్రశ్న: ఉస్మానియా బిస్కెట్లు ఊరికి తీసుకెళ్తే మెత్తబడిపోతున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వేడిగా ఉండగానే డబ్బా మూసినందువల్ల. మక్కా మసీదు పక్కన, చార్మినార్‌కు ఎదురుగా ఉన్న నిమ్రా కేఫ్‌లో బిస్కెట్లు అప్పుడప్పుడే బట్టీ నుంచి దిగుతుంటాయి. ఆ ఆవిరి లోపలే ఉండిపోతే మర్నాటికి మెత్తబడతాయి. కాగితం సంచిలో వేయించుకుని, అక్కడే చాయ్ తాగేలోపు మూతి తెరిచి ఉంచండి. పూర్తిగా చల్లారాక గాలి దూరని డబ్బాలోకి మార్చండి. మీ ఊళ్లో సముద్రపు గాలికి తేమ ఎక్కువ కాబట్టి, డబ్బా తెరిచిన ప్రతిసారీ కావాల్సినన్ని తీసుకుని వెంటనే మూసేయండి.