ప్రాణాపాయమున్న పనిని ఆపితే ధిక్కారమవుతుందా?

ప్రశ్న: మాది గోదావరిఖని. సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి బొగ్గు మోసే ఒక విదేశీ జెండా నౌకలో డెక్ మీద పనిచేస్తున్నాడు. గాలి పరీక్షించకుండా హోల్డ్‌లోకి, అంటే సరకు నింపే గదిలోకి, దిగమంటే దిగలేదట. మాట వినలేదని లాగ్‌బుక్‌లో రాసి ఇంటికి పంపుతానని చీఫ్ ఆఫీసర్ బెదిరిస్తున్నాడట. వాడి సీడీసీ (నావికుడి గుర్తింపు, సర్వీసు పుస్తకం) పోతుందా?

జవాబు: సీడీసీ ఇచ్చింది భారత ప్రభుత్వం; దాన్ని రద్దు చేసే అధికారం చీఫ్ ఆఫీసర్‌కు లేదు. నౌకాయాన చట్టాలు శిక్షించేది చట్టబద్ధమైన ఆజ్ఞను కావాలని ధిక్కరించడాన్నే. మూసి ఉన్న హోల్డ్‌లో బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను హరిస్తుంది, మీథేన్‌ను వదులుతుంది. అందులోకి దిగినవారు ఏ హెచ్చరికా లేకుండానే కూలిపోతారు. భద్రత చూసే మైనింగ్ సర్దార్ గ్యాస్ పరీక్షించనిదే మనిషిని పనిలోకి పంపని గనుల్లో పనిచేసిన మీకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం ‘సోలాస్’ ప్రకారం 2016 జూలై 1 నుంచి నౌకల్లో గాలిని పరీక్షించే పరికరం తప్పనిసరి. అది వాడకుండా దిగమన్న ఆజ్ఞను చట్టబద్ధమని సమర్థించుకోవడం ఎవరికైనా కష్టమే.

అయితే నిరాకరించిన తీరు ముఖ్యం. “నేను పనిచేయను” అనడం వేరు, “గాలి పరీక్షించి పర్మిట్ ఇస్తే దిగుతాను, అంతవరకు మరో పని చెప్పండి” అనడం వేరు. విచారణ జరిగితే రెండో మాటే అతన్ని కాపాడుతుంది. చాలా కంపెనీల భద్రతా మాన్యువల్‌లో ప్రమాదకరమైన పనిని ఆపే అధికారం, అంటే ‘స్టాప్ వర్క్ అథారిటీ’, కిందిస్థాయి సిబ్బందికి కూడా రాసి ఉంటుంది. ఆ పేజీని చూసుకోమనండి.

ఆజ్ఞ ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, తాను ఏమని బదులిచ్చాడు అన్నది ఈ రోజే రాసిపెట్టుకుని, కెప్టెన్‌కు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. భారత్ 2015లో ఆమోదించిన 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం ఫిర్యాదు పద్ధతి ప్రతిని ఉద్యోగ ఒప్పందంతో పాటు అతనికి ఇచ్చి ఉండాలి. ఫిర్యాదు చేసేటప్పుడు తోడుగా ఒకరిని తీసుకువెళ్లవచ్చు, ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడం నిషిద్ధం. కెప్టెన్ పట్టించుకోకపోతే ఒడ్డున కంపెనీ భద్రతా బాధ్యుడైన డీపీఏకు చెప్పాలి. రేవుకు చేరాక అక్కడి నౌకా తనిఖీ అధికారికి కూడా చెప్పవచ్చు. వారు ఫిర్యాదీ పేరు గోప్యంగా ఉంచాలి.

లాగ్‌బుక్‌లో రాసి సంతకం అడిగితే, తన వివరణ కూడా అక్కడే రాసిన తర్వాతే చేయాలి. ఒకవేళ దించివేస్తే, కాంట్రాక్టు, జీతపు స్లిప్పులు, ఫిర్యాదు ప్రతులతో అతన్ని పంపిన ఆర్‌పీఎస్‌ఎల్ (నావికుల నియామక లైసెన్సు) ఏజెన్సీకీ, ముంబైలోని నౌకాయాన డైరెక్టరేట్ జనరల్‌కూ మీరు ఇక్కడి నుంచే రాయండి.